ఎవరి చేతిదీ కాని జింక

మా బదూ మామ దగ్గర పెళ్ళాలు నిలవలేదు, జంతువులు నిలిచాయి. ఊళ్ళో అందరూ అనే మాటే ఇది, నేను పుట్టించింది కాదు. ఇద్దరొచ్చారు, ఇద్దరూ వెళ్ళిపోయారు. రెండోది పోతూ పోతూ మా వాకిట్లో నిలబడి, "ముందు ఆ తాబేలుకి పెట్టి, మిగిలితే నాకు పెడతాడు ఈ మనిషి" అని వీధంతా వినేలా చెప్పి మరీ పోయింది. అందులో అబద్ధమేం లేదు.

మాది కంచు పోసే ఊరు. కుమాసి పట్నానికి గంట ప్రయాణం. ఏ ఇంటి వెనక చూసినా ఒక కొలిమి, దాని పక్కన మట్టి కుప్ప. ముందు మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పూసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కంచు పోస్తాం. మిగతావాళ్ళు మనుషుల్ని, కుర్చీల్ని, కత్తుల్ని పోస్తారు. మామ జంతువుల్నే పోస్తాడు. ఊసరవెల్లి కావాలంటే ఊసరవెల్లి, ముళ్ళపంది కావాలంటే ముళ్ళపంది, ముందు అది మా పెరట్లోకి రావాలి. నెలో రెండు నెలలో ఉండాలి. మేత మామే పెడతాడు, అరచేతిలోంచే తినాలి. మైనం బొమ్మ పూర్తయిన రోజు దాన్ని తెచ్చి జంతువు ముందు పెట్టి, "చూసుకో, సరిపోయిందా?" అని అడుగుతాడు. తర్వాత అడివి అంచుదాకా మోసుకెళ్ళి వదిలేసి వస్తాడు. ఆ రోజు దంచిన దుంపల ఫుఫూ ముద్ద ముట్టడు. మా అమ్మ ఎంత తిట్టినా సరే.

పురుగుల్ని, ఎండ్రకాయ డెక్కల్ని, వేరుశనక్కాయల్ని మాత్రం మేం మైనంతో చెయ్యం. అసలువాటికే మట్టి పూసి కాలుస్తాం. లోపలిది బూడిదైపోతుంది, ఆ ఖాళీలోకి కంచు పోస్తాం. ఒక్క గీత కూడా తప్పిపోదు. దానికి ఒకటే కట్టుబాటు, తాతల నాటిది. మన చేతి మేత తిన్నదాన్ని మట్టిలో పెట్టకూడదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే మామ నాకు మొట్టికాయ వేశాడు. ఇందులో అడగాల్సిందేముందని ఆయన ఉద్దేశం.

రెండేళ్ళ కిందట ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. కొలిమి వేడి అన్నాడు. తర్వాత చలిగాలి అన్నాడు. ఆ పైన చెప్పడానికి ఏమీ దొరక్క, ఎవరైనా వస్తే భుజం మీది గుడ్డ కింద చెయ్యి దాచుకోవడం నేర్చుకున్నాడు.

జాంఫీ పెద్దాయన వచ్చిన రోజు కూడా అలాగే దాచుకున్నాడు. నది అవతలి ఊళ్ళో పెద్ద కుటుంబం వాళ్ళది, దానికి పెద్ద ఆయనే. వాళ్ళింటి ఆడపెద్ద, అందరూ రాణీమ్మ అనే ఆవిడ, పోయి అప్పటికి తొమ్మిది నెలలు. ఏడాది కర్మనాటికి ఆవిడ గదిలో పెట్టడానికి కంచు అడోవా కావాలన్నాడు. కుందేలంతే ఉండే జింక అది. మా అడవుల్లో అంత చిన్నదీ లేదు, అంత తెలివైనదీ లేదు.

"బతికున్నన్నాళ్ళూ ఆవిణ్ణి అడోవా అనే పిలిచాం బదూ. అంతే మనిషి, అంతే చురుకు. తప్పు చేసినవాడు తల తిప్పేలోగా ఎదురొచ్చి నిలబడేది."

"తెలుసు పెద్దాయనా."

"నీ చెయ్యే పడాలి. మా నాన్న పేర పెట్టిన కంచు తాబేలు నీ చేతిదే. ఆ గదిలోకి ఇంకొకడి బొమ్మ రావడానికి లేదు."

గుడ్డ అదురుతూనే ఉంది. పెద్దాయనకి చూపు ఆనదు కాబట్టి సరిపోయింది. "నా చెయ్యే" అన్నాడు మామ.

ఆయన గడప దాటగానే నేను ఊరుకోలేదు. "ఏ చేత్తో చేస్తావు మామా?"

"నీ నోరు మూసే చేత్తో."

వారం తిరక్కుండా అమ్మకి కోకో తోటలో కలుపు తీస్తుంటే అడోవా పిల్ల దొరికింది. తల్లి ఏ ఉచ్చులో పడిందో, ఆకుల కింద ఒక్కతే ఉందట. తలగుడ్డలో చుట్టుకుని తెచ్చింది. రెండు అరచేతుల్లో పట్టేది. కాళ్ళు చీపురుపుల్లలు, కళ్ళు ముఖానికి మించినవి. మామ ఒళ్ళో పెట్టుకుని, మేకపాలలో పేలిక ముంచి నోట్లో పెట్టాడు. అది పేలికతో పాటు ఆయన వేలు కూడా చీకింది. నడుం వంచి నడుస్తోందని అబెరెవా అని పేరు పెట్టాడు. అబెరెవా అంటే ముసలమ్మ.

"మీ అన్నకి మూడో పెళ్ళాం దొరికిందే" అని పక్కింటావిడ నవ్వితే, "ఈవిడైనా నిలుస్తుందేమో చూద్దాం" అంది అమ్మ.

నిలిచింది. పదిహేను రోజులకల్లా మామ దగ్గితే చాలు, ఏ మూలున్నా గెంతుకుంటూ వచ్చేది. చిలగడదుంప లేతాకులు ఆయన చేతిలోంచి తిని, ఆ తర్వాత నా చేతులు వాసన చూసేది. నాకు పిల్లల్లేరు. నా మొగుడు లారీ తోలుకుంటూ నెలకోసారి కనిపిస్తాడు. ఆ పిల్ల మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చిక్కంతా మైనం దగ్గరొచ్చింది. అడోవా కాళ్ళు మైనంలో తియ్యాలంటే వేలి కొసల మధ్య నూలు వడికినట్టు తిప్పాలి. మామ మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడోసారి చెవి అంటిస్తుంటే వేలు జారి బొమ్మ కంట్లోకి దిగిపోయింది. మొత్తం పిడికిట్లో నలిపి గోడకేసి కొట్టాడు. అబెరెవా ఉలిక్కిపడి నా కాళ్ళ వెనక్కి దూరింది. మామ దానివైపు చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవడం మానేశాడు. "దాన్ని నీడలో కట్టు" అనేవాడు, "అది తిన్నదా?" అనేవాడు. తర్వాత ఒక పొద్దున నేను పాలు కాస్తుంటే వచ్చి, "ఇక పాలు పట్టకు. ఆకులు కూడా రెండు చాలు" అన్నాడు.

"ఎందుకు?"

"పెరిగిపోతోంది."

"పెరగడం దాని పని, పెట్టడం మన పని. ఇదేం చోద్యం అన్నయ్యా?" అంది అమ్మ.

ఇంకో రోజు చూశాను, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని తాటినారతో ముక్కు నుంచి తోకదాకా కొలుస్తున్నాడు. పొట్ట చుట్టూ కొలిచి నారకి ముడివేశాడు. అది ఆయన మణికట్టు మీది చెమట నాకుతూ ఉంది. పక్కనే తొట్టిలో మట్టి నానుతోంది. పురుగులకి వాడే మెత్తటి మట్టి అది, బొగ్గుపొడి గుడ్డలో జల్లించి కలిపేది. పురుగులకైతే గిన్నెడు చాలు. తొట్టెడు నానబెట్టాడు. నాకు విషయం అర్థమైంది, కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కట్టుబాటు తప్పితే ఏ దేవుడు ఏం చేస్తాడో నాకు తెలియదు. మామ దాన్ని మట్టిలో పెడితే ఇక మా మామ మాకు మిగలడని మాత్రం తెలుసు. అదే నా భయం.

ఆడదాని చెయ్యి మైనం మీద పడితే కంచు పట్టదని మా ఊళ్ళో అంటారు. మట్టి తొక్కడానికి, తిత్తి ఊదడానికి, బొగ్గు మొయ్యడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తాం. ఐదో ఏటి నుంచీ ఆ కొలిమి పక్కన కూర్చున్నదాన్ని, చూసినవన్నీ ఎక్కడికి పోతాయి? వంటింట్లో పొగ మాటున కూర్చుని తొమ్మిది రోజులు చేశాను. మట్టి గుజ్జు మీద పల్చగా మైనం పొదిగి, కాళ్ళు తీసి, చెవులు తీసి, వెనక్కి తిరిగి చూస్తున్నట్టు మెడ పెట్టాను. అబెరెవా నా ముందే నిలబడి చూస్తుండేది. ఎంత బాగా కుదిరిందంటే నాకే భయమేసింది.

పదో రోజు తీసుకెళ్ళి మామ ముందు పెట్టాను. అమ్మ గుమ్మంలో నిలబడింది. మామ బొమ్మని అటూ ఇటూ తిప్పాడు. కాళ్ళ దగ్గర ఆగాడు, మెడ దగ్గర ఆగాడు.

"ఎప్పుడు నేర్చుకున్నావే బిరాగో?"

"నువ్వు నేర్పనప్పుడు."

నెల రోజుల్లో మొదటిసారి నవ్వాడు. బొమ్మ తీసుకెళ్ళి అబెరెవా ముందు పెట్టి, "చూసుకో, సరిపోయిందా?" అన్నాడు. అది తేనెవాసనకి మైనం నాకింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. గండం గడిచిందనుకున్నాను.

"అయితే వదిలేద్దామా మామా?"

"వదిలేద్దాం. మట్టి నేను పూస్తాను, ఆ మాత్రం ఈ చెయ్యి చేస్తుంది. నువ్వు రేపు పొద్దున్నే సుయామే కొట్లకి వెళ్ళి పాత లారీల్లోంచి తీసిన కంచు బుష్‌లు పట్రా, కరిగిద్దాం. పది కిలోలు ఉండాలి."

"ఇంత బొమ్మకి పది కిలోలా? మూడు చాలు, లోపలంతా గుజ్జేగా."

"ఉండనీ" అన్నాడు.

సుయామేలో పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగి కంచు బుష్‌లు ఏరి, మూట నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. పెరట్లో చాప మీద మట్టి ముద్ద ఉంది, పనసకాయంత. తాడు గుంజకి వేలాడుతోంది. తాడు కొసన ఏమీ లేదు.

"వదిలేశావా?"

"ఊఁ."

"నేనొచ్చేదాకా ఆగలేకపోయావా?"

"ఆగితే చెయ్యలేకపోయేవాణ్ణి."

నాకు చిర్రెత్తుకొచ్చింది కానీ ఊరుకున్నాను. మైనం బొమ్మ చేసింది నేను, చివరిసారి అబెరెవాని నేనే ఎత్తుకోవాలనుకున్నాను. ఆ రోజు మామ ఫుఫూ ముట్టలేదు. వదిలిన రోజున ఎప్పుడూ ముట్టడు కాబట్టి నేను వేరేగా అనుకోలేదు. రెండో రోజూ ముట్టలేదు. మూడో రోజు మట్టి ముద్ద మీద ఈగలు వాలాయి.

"మైనంలో తేనె ఉంటుందిగా" అంది అమ్మ.

నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో మైనం ఉంది. ఈగలు ఇలా ముసరడం నేను చూడలేదు. మామ ముద్ద పక్కనే ముక్కాలిపీట వేసుకుని అరిటాకుతో విసురుతూ కూర్చున్నాడు. పక్కింటి కుక్క వచ్చి కంచె సందులోంచి ముక్కు పెట్టి మూలిగింది. రాయి పెట్టి కొట్టాడు. కుక్కని కొట్టగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నాలుగో రోజు ముద్ద మధ్యలో పగిలి తడి మరక వచ్చింది. మట్టి మెత్తాడు. మర్నాటికి మళ్ళీ అక్కడే మరక. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఏడో రోజు పొద్దున మైనం కరిగించాలి. సన్నటి నిప్పు మీద ముద్దని వేడి చేసి, బోర్లిస్తే, పోత కన్నంలోంచి మైనం కారుతుంది. కింద నీళ్ళ గిన్నె పట్టుకుంటే గడ్డకడుతుంది, మళ్ళీ వాడుకోవచ్చు. గిన్నె పట్టడం నా పని. పట్టాను. పోత కన్నానికి పెట్టిన మైనపు కడ్డీలు ముందు కరిగి వచ్చాయి. చారెడు మైనం, అంతే. ఆగిపోయింది.

"ఇంకా వంచు మామా."

వంచాడు. ఏమీ రాలేదు. నా బొమ్మకి నేను వాడిన మైనం దీనికి మూడింతలు. పుల్లతో కన్నం పొడవబోయాను. అప్పుడొచ్చింది వాసన. పండక్కి మేక తలకాయ నిప్పుల మీద వేస్తే వెంట్రుక కాలుతుందే, ఆ వాసన.

గిన్నె కింద పెట్టాను. "లోపలున్నది ఏంటి?"

మామ నిప్పు వైపే చూస్తున్నాడు.

"లోపలున్నది ఏంటని అడుగుతున్నాను. నా బొమ్మేది?"

"ఆ గిన్నెలో ఉంది" అన్నాడు. "కొంత కడ్డీలకి పోయింది, మిగతాది ఉట్టి మీద ఉండ చేసి పెట్టాను."

అమ్మ పరుగెత్తుకొచ్చింది. వాసన తగలగానే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూలబడింది. "అన్నయ్యా, ఎంత పని చేశావురా! చేతి మేత తిన్నదిరా అది!"

"చెయ్యి చాపితే వచ్చింది" అన్నాడు మామ. "ఎప్పుడూ వచ్చినట్టే వచ్చింది. ఆకు తింటూనే ఉంది."

"నా బొమ్మ బాగుందన్నావు కదా మామా. నవ్వావు కదా."

"బాగుంది. అదే కదే నన్ను చంపింది." అప్పుడు నావైపు తిరిగాడు. ముఖం పీక్కుపోయింది. "నలభై ఏళ్ళలో నేను చేసిన ఏ బొమ్మా అలా లేదు. దాన్నిచ్చి నాదని ఎలా చెప్పను? నాది కాదని ఎలా చెప్పను? జాంఫీ నా చెయ్యి అడిగాడు. నాకు చెయ్యి లేదు. ఇదైతే ఎవరి చేతిదీ కాదు. ఎవరికీ అన్యాయం జరగదు."

"ఎవరికీనా?" అన్నాను.

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయన కాళ్ళు పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. చివరికి అమ్మే కళ్ళు తుడుచుకుని లేచింది. "చేసిన పాపం చేశాడు. ఇప్పుడు ఆపితే అది ఊరికే చచ్చినట్టవుతుంది. తిత్తి అందుకోవే" అంది. అమ్మ మీద నాకు వచ్చిన కోపం మామ మీద కూడా రాలేదు. అయినా అందుకున్నాను.

పగలంతా కాల్చాం. పొద్దు వాలేవేళకి ముద్ద ఎర్రబడి చల్లారింది. లోపల బూడిద దులపాలి. పురుగుదైతే ఒక్కసారి ఊదితే పోతుంది. దీనికి ఎముకలున్నాయి. మామ పోత కన్నాల్లోంచి తీగ పెట్టి గిలకొట్టి, ముద్దని చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. లోపల గలగలమంది. ఒక్కో ముక్కా రాలి చాప మీద పడింది. ఆయన చేతి వణుకు రెండేళ్ళలో ఆ ఒక్క పనికే పనికొచ్చింది. చివరి ముక్క రాలేదాకా చాప మీదికే చూస్తూ కూర్చున్నాను. తర్వాత వాటిని ఆకులో చుట్టి మునగచెట్టు కింద పూడ్చాను.

పోతకి పది కిలోలూ పట్టాయి.

మర్నాడు మట్టి పగలగొట్టాడు మామ. సుత్తి దెబ్బకో పెంకు ఊడింది. మొదట వీపు కనిపించింది, వెంట్రుకలతో సహా. తర్వాత చెవి, చెవిలోని నరం. కాళ్ళు పొట్టకిందికి ముడుచుకుని ఉన్నాయి. పెదవి కొసన ఆకు తునక, సగం కొరికింది, అది కూడా కంచైపోయింది. కళ్ళు మూసి ఉన్నాయి. అమ్మ చూడలేక లోపలికెళ్ళిపోయింది. మామ మోకాళ్ళ మీద కూర్చుని, "అబెరెవా" అన్నాడు. ఎన్నాళ్ళకో పేరు పెట్టి పిలిచాడు. వేలితో దాని నుదురు నిమిరాడు. ఆ కంచు నుదుటి మీద ఆయన వేలు టకటకా కొట్టుకుంది.

కర్మ రోజున జాంఫీ పెద్దాయన బొమ్మని ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. చూపు ఆనదు కాబట్టి వేళ్ళతో తడిమి చూశాడు.

"కళ్ళు ఎందుకు మూశావు బదూ?"

"నిద్రపోతోంది పెద్దాయనా."

"మా రాణీమ్మ కూడా ఇలాగే పోయింది. నీ చెయ్యి చల్లగుండ!"

వచ్చినవాళ్ళంతా మూగి చూశారు. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టారు. ఈ వయసులో ఈ మనిషికి ఇంత చెయ్యి ఎలా తిరిగిందని ముక్కున వేలేసుకున్నారు. మామ గుడ్డ కింద చెయ్యి దాచుకుని తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గుతో అనుకున్నాను. ఆయన తల ఎత్తినప్పుడు చూశాను, ముఖంలో సిగ్గు లేదు. పొగడ్తకి ఆయన ముఖం వెలిగిపోతోంది.

జాంఫీ వాళ్ళ వియ్యాలవారి ఊరినుంచి వచ్చినాయన అక్కడికక్కడే అడిగాడు. వాళ్ళకి కోతి కావాలట. పెద్దది అక్కర్లేదట.

పది రోజుల తర్వాత మామ తోటవైపునుంచి ఏదో గుడ్డలో చుట్టి పట్టుకుని వచ్చాడు. గుడ్డ విప్పితే కోతిపిల్ల. ఇంకా కళ్ళు సరిగా నిలవని పసిగుడ్డు. మామ అరటిపండు ముక్క చూపిస్తే కీచుమని ముడుచుకుపోయింది.

"నా చెయ్యి చూసి జడుసుకుంటోంది" అన్నాడు. "నువ్వు పెట్టవే బిరాగో. నీ చేతికైతే తొందరగా మాలిమి అవుతుంది."

"నేను పెట్టను. నీకో దణ్ణం, దాన్ని ఎక్కడిదక్కడ వదిలిరా."

"తల్లి లేదు దానికి. వదిలితే సాయంత్రానికి చస్తుంది." కోపం లేదు ఆ గొంతులో, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మాట్లాడినట్టే మాట్లాడాడు. "నువ్వు పెట్టకపోయినా చస్తుంది."

పండు నా పక్కన పెట్టి, తొట్టి దగ్గరికి వెళ్ళి మట్టి మీద నీళ్ళు పోశాడు. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను. కోతిపిల్ల కాసేపు ఏడ్చింది. తర్వాత నేల మీద పాక్కుంటూ వచ్చి, నా నడుం గుడ్డ పట్టుకుని ఒళ్ళోకి ఎక్కి, నోరు తెరిచి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు ఓర్చుకున్నాను. పండు ఒలిచి పెట్టాను.